పని పోయినవారికి శిక్షణ యేది?

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి మొదలుకొని రేపల్లె వరకును, అటనుండి బాపట్ల సముద్రతీరము వరకును పరచుకొనియున్న వరిపొలములలో, మార్గశిరమాసము వచ్చెననిన, ఒక తరము క్రిందట కొడవలి చేతబట్టిన స్త్రీలు బారులుతీరి వంగి కోయుచుండుటయు, వెనుక మగవారు పనలు కట్టి కుప్పలు వేయుచుండుటయు, ఆ కుప్పలు నూర్చి గింజ ఇల్లు చేరువరకు కూలివారి యిండ్లలో పొయ్యి ఆరకుండుటయు పెద్దలందరెఱిగినదే. నేడు అదే పొలములోనికి వరికోత మిషను దిగి, కోతయు నూర్పిడియు ఒక్కమారే ముగించి, పూట గడవకమునుపే ప్రక్క పొలములోనికి సాగిపోవుచున్నది. రైతునకది లాభము, తుపానుభయము తరుముచుండగా పంట దక్కించుకొనవలసినవాడు యంత్రమును పిలుచుటలో దోషమేమియు లేదు. కాని ఆ కొడవలి పట్టిన చేతులు ఏమయినవి? నలువదియైదేండ్లు దాటిన యొక స్త్రీకి, వంగి కోయుట, నాటుట, కలుపుతీయుట తప్ప వేరొండు పని నేర్పనివారము, ఇప్పుడామెకు క్రొత్త పని నేర్పుటకు ప్రభుత్వధనములో నుండి ఏమి వెచ్చించుచున్నాము?

ఈ ప్రశ్నను చేతబట్టుకొని, స్వాతంత్ర్యమునకు కొంచెము ముందునుండి నేటివరకు మన దేశమున నడచిన ఉపాధి శిక్షణా పథకములను వరుసగా పరిశీలించినచో ఒక విషయము మరల మరల కంటబడును. తొలిసారిగా పని వెదకికొను యువకునికొరకు ప్రభుత్వములు పథకముపై పథకము కట్టినవి. చేతిలోనున్న పని పోగొట్టుకొన్న నడివయసు మనిషి మాత్రము వాని గుమ్మముకడనే నిలిచిపోయెను. కోతకూలీలు మాత్రమే కాదు. అచ్చుపనికి పేరొందిన తెనాలిలో సీసపు అక్షరములను ఒక్కొక్కటిగ నేరి కూర్చిన కంపోజిటర్లను కంప్యూటరు వెడలగొట్టెను. దుకాణపు బోర్డులను కుంచెతో వ్రాసిన చిత్రకారులను ఫ్లెక్సీ ముద్రణ వెడలగొట్టెను. సినిమాహాలులో రీళ్లు త్రిప్పిన ఆపరేటర్లను డిజిటల్ ప్రదర్శన యింటికి పంపెను. వీరెవ్వరును అకుశలురు కారు. ఏండ్లతరబడి ఒడుపు నేర్చినవారే. ఆ ఒడుపునకు కాలము చెల్లిపోయినది, అంతే.

మన దేశమున ప్రభుత్వము పూనుకొనిన తొలినాటి ఉపాధి శిక్షణలలో నొకటి పని పోయినవారికొరకే ఏర్పడినదన్న సంగతి నేడెందరికో తెలియదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియు తరుణమున, సైన్యమునుండి విడుదలయగు లక్షలాది సిపాయిలకు, యుద్ధకర్మాగారములనుండి తొలగింపబడు కార్మికులకు మరల జీవనోపాధి చూపుటకై 1945 జూలైలో పునరావాస, ఉద్యోగ విభాగము నెలకొల్పబడినది. ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీలు పుట్టినదప్పుడే. దేశవిభజనానంతరము నిర్వాసితులై వచ్చినవారికిని ఈ కార్యాలయములే దిక్కయినవి. 1948లో వాని ద్వారములు ఉద్యోగార్థులందరికిని తెరువబడినవి. 1950లో వృత్తిపనివారల శిక్షణా పథకమారంభమై దానినుండియే నేటి ఐ.టి.ఐ.లు వెలసినవి, శివరావు సంఘము సిఫారసుల ననుసరించి 1956 నవంబరు 1 నాటినుండి, అనగా ఆంధ్రప్రదేశమవతరించిన దినముననే, ఈ కార్యాలయముల నిత్యనిర్వహణము రాష్ట్రప్రభుత్వములకు సంక్రమించినది. 1961లో అప్రెంటిసు చట్టము వచ్చెను. ఈ క్రమమున శిక్షణయన్న మాట మెల్లమెల్లగా పదవతరగతి ముగించిన బాలునివైపు తిరిగిపోయినది. ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేయించుకొని, కార్డు పెట్టెలో భద్రపరచి, మూడేండ్లకొకమారు రెన్యూవలు చేయించుకొనుచు, పిలుపు రాకుండగనే వయసు మీరినవారు మన యూళ్లలో వీధికొక్కరుందురు.

డెల్టాలోనే దీనికంటె పాతదగు కథ యొకటి కలదు; శిక్షణను గూర్చి మాటాడువారు దానిని తప్పక తెలిసికొనవలెను. బాపట్ల మండలములో స్టూవర్టుపురమను గ్రామమున్నది. 1871లో ఉత్తర హిందూస్థానమునకై పుట్టిన నేరస్థ తెగల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వర్తించిన పిమ్మట, ప్రభుత్వ ధనసహాయముతో సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంస్థవారు ఎఱుకలవారికొరకు ఇచ్చట సెటిల్‌మెంటు స్థాపించిరి. మద్రాసు ప్రభుత్వములో ఉన్నతాధికారియైన హెరాల్డు స్టూవర్టు పేర దానికి నామకరణము జరిగెను. ఆ ఎఱుకలవారెవరు? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథమున సవివరముగ నిరూపించినట్లు, వారు గాడిదలపైని, ఎద్దులపైని ఉప్పును ధాన్యమును వేసికొని తీరమునుండి లోనాడులకు మోసికొనిపోయి అమ్ముకొను సంచారవర్తకులు. రైలు వచ్చి ఆ మోతపనిని లాగికొనెను; ఉప్పుపై సర్కారు గుత్తాధిపత్యము వారి సరకును లాగికొనెను; అడవిచట్టములు వారి పశువుల మేతను లాగికొనెను. ఇట్లు జీవనాధారము నశించిన జనమును ప్రభుత్వము నేరస్థులని పేరుపెట్టి, ఒకచోట గుమిగూర్చి, హాజరు పిలిచి, అనుమతిచీటి లేనిదే యూరు దాటరాదని కట్టడిచేసి, పని నేర్పుచున్నానని చెప్పెను. సేద్యమునకిచ్చిన భూమి కుటుంబములను పోషింపజాలకపోగా, చీరాలలో ఐ.ఎల్.టి.డి. కంపెనీ పొగాకు కర్మాగారము వెలసినప్పుడు సెటిల్‌మెంటు జనము దానికి చౌకకూలీలైరి. నేటి పథకములు మిక్కిలి గొప్పగా చెప్పుకొను "ఉద్యోగ కల్పన" అచ్చట సంపూర్ణముగా జరిగినది. కాని తన పనిని తానెంచుకొను స్వేచ్ఛ లేదు, కూలి మాటాడుకొను స్వేచ్ఛ లేదు, పనివిడిచి పోవు స్వేచ్ఛ లేదు. చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినను, పేరునకంటిన మచ్చ పోవుటకు ఎన్ని దశాబ్దములు పట్టెనో ఆ ప్రాంతమువారెఱుగుదురు. 1970ల దశాబ్దమునుండి హేమలతా లవణం, లవణం దంపతులు ప్రభుత్వ సహకారముతో అచ్చట చేసిన సంస్కరణకార్యము, మనిషిని ముందు మనిషిగ గుర్తించి ఆ తరువాతనే పనిమాట యెత్తినందువలన చిరస్మరణీయమైనది. శిక్షణ పొందువాని యిష్టమునకు ఎంత చోటిచ్చినారను ప్రశ్నను ఏ పథకమును గూర్చియైనను మొట్టమొదట అడుగవలెనని స్టూవర్టుపురము మనకు నేర్పుచున్నది.

స్వతంత్ర భారతమున గ్రామయువతకు ఉద్దేశింపబడిన పెద్ద పథకము ట్రైసెం. 1979 ఆగస్టు 15న ప్రారంభమై, 18 మొదలు 35 ఏండ్లలోపు వారిని, ఏటా రెండులక్షలమందిని, స్వయముపాధికి సిద్ధపరుపవలెనన్న సంకల్పముతో నడచి, 1999 ఏప్రిలులో స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో లీనమయ్యెను. దానిలో స్టైపెండుండెను, పనిముట్ల పెట్టె యుండెను. కాని శిక్షణకును బ్యాంకు అప్పునకును నడుమ సేతువు లేకపోయెను. కుట్టుమిషను నేర్చినవారికి మిషను రాక, మిషను వచ్చినవారికి గిరాకి రాక, నేర్చినది మరచిపోయినవారనేకులు. ఈ లోపమును గుర్తించి కర్ణాటకములోని ఉజిరెలో 1982లో ధర్మస్థల సంస్థయు బ్యాంకులును కలసి నెలకొల్పిన రుడ్‌సెట్ సంస్థ శిక్షణానంతరము రెండేండ్లు వెన్నంటియుండు పద్ధతిని తెచ్చెను. దానిని చూచియే కేంద్రము జిల్లాకొక్కటి చొప్పున ఆర్‌సెటీలను, అనగా గ్రామీణ స్వయముపాధి శిక్షణసంస్థలను, బ్యాంకులచేత పెట్టించెను. నా దృష్టిలో మన పథకములన్నిటిలో నేలమీద నిలిచి నడచినది ఇదియొక్కటే. వసతి, భోజనము ఉచితము, కాలము కొద్దివారములు, అప్పు ఇచ్చు బ్యాంకే పని నేర్పుచున్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2005లో ఉపాధి కల్పన, మార్కెటింగు మిషనును నెలకొల్పి, పల్లె యువతకు ఇంగ్లీషు, కంప్యూటరు, దుకాణపు మర్యాదలు నేర్పి నగరములలో ఉద్యోగములు చూపుటకు పూనుకొన్నది. ఆ యనుభవము తరువాతి కేంద్రపథకములకు మార్గదర్శకమైనది. 2014 సెప్టెంబరు 25న మొదలైన దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 15 మొదలు 35 ఏండ్లవారికి. స్త్రీలకు, వికలాంగులకు 45 వరకు సడలింపు కలదు. శిక్షితులలో నూటికి 70 మందికి ఉద్యోగము చూపవలెనన్నది నియమము. 2015 జూలై 15న వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మరింత విశాలమైనది. పట్టణములలోని పేదలకై 2007లో ఏర్పడిన మెప్మా, 2014లో ఏర్పడిన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెనాలి, బాపట్ల, రేపల్లెవంటి పురపాలకపట్టణములకు చేరువైనవి. నైపుణ్యసంస్థ వ్యవహారములపై 2023లో కేసు నడచి పెద్ద రాజకీయవివాదమైనది. దాని న్యాయాన్యాయములు నిర్ణయించుట న్యాయస్థానముల పని గనుక ఇచ్చట దానిజోలికి పోను.

నేను నిలిచి చూడదలచినది ధనము నడచు దారి. కౌశల్ వికాస్ యోజన రెండవ విడతలో శిక్షణకేంద్రమునకు చెల్లింపు మూడు భాగములుగ నుండెను: తరగతి మొదలుపెట్టగనే నూటికి 30, పరీక్ష ముగిసి సర్టిఫికెట్టు వచ్చిన పిమ్మట 50, ఉద్యోగము దొరికిన పిమ్మట 20. ఈ యంకెలనొక్కసారి నిదానముగ చదువుడు. విద్యార్థి ఉద్యోగములో చేరినను చేరకపోయినను కేంద్రమునకు 80 వంతులు ముట్టును. కావున కేంద్రము మనసు తరగతి నింపుటపైని, సర్టిఫికెట్టు తెప్పించుటపైని నుండుట మానవసహజము. 2016లో నియమింపబడిన శారదాప్రసాద్ సంఘము, లక్ష్యముల సంఖ్య వెంట పరుగెత్తుటవలన శిక్షణ నాణ్యము దెబ్బతినుచున్నదని గట్టిగానే చెప్పినది. ఇక ఆ తరగతిలో కూర్చున్న మనిషికి ఏమి ముట్టుచున్నది? అధికభాగము పథకములలో, బోధన ఉచితమనుటయే ఆమెకు ముట్టిన సొమ్ము. దినకూలితో బ్రతుకు ఇంటిలో ఆమె మూడు నెలలు తరగతికి పోవుటయనిన మూడు నెలల కూలి మానుకొనుటయే. ఇరువదియేండ్ల కుఱ్ఱవానిని తండ్రి పోషించును. నలువదియైదేండ్ల తల్లిని ఎవరు పోషింతురు? పథకములు యువకులతో నిండుటకు వయఃపరిమితికంటె ఇదియే పెద్దకారణము.

పని పోయినవారికొరకని ప్రత్యేకించి ఏర్పడినవి లేకపోలేదు. వాని కథ వేరొక విధమున దుఃఖకరము. మూతబడిన మిల్లుల కార్మికులకై 1986లో వస్త్రకార్మికుల పునరావాసనిధి వచ్చెను. ఆర్థికసంస్కరణల ననుసరించి పని పోవువారికి తిరిగి శిక్షణ నిచ్చి వేరుపనిలో నిలుపుటకని 1992 ఫిబ్రవరిలో జాతీయ పునర్నవనిధి స్థాపింపబడినది. ఉద్దేశమెంతో మంచిది. ఆచరణలో ఆ ధనములో అత్యధికభాగము ప్రభుత్వరంగ సంస్థలలో స్వచ్ఛంద పదవీవిరమణ చేసినవారి చెల్లింపులకే వెళ్లిపోయి, పునఃశిక్షణకు మిగిలినది అత్యల్పము. 2000లో నిధియే మూతబడెను. 2005 ఏప్రిల్ 1 నుండి కార్మికబీమా నడపు ఇ.ఎస్.ఐ. సంస్థ రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన క్రింద, కర్మాగారము మూతపడి పని పోయిన బీమాదారునకు కొంతకాలము జీతములో సగము భృతి యిచ్చి, వృత్తిశిక్షణ రుసుమును తానే భరించుచున్నది. భృతియు శిక్షణయు ఒక్కచోట కూడిన అరుదైన ఏర్పాటిది, కాని ఇ.ఎస్.ఐ. చందా కట్టు కర్మాగారములో పనిచేసినవారికి మాత్రమే అది యందును. తెనాలి నిమ్మకాయల మార్కెట్టులో కాయలేరు స్త్రీకిని, దుగ్గిరాల యార్డులో పసుపు మూటలు మోయువానికిని, పొలము కూలికిని ఆ చందాపుస్తకమెక్కడిది? మన రాష్ట్రము 2018 అక్టోబరు 2న ప్రారంభించిన ముఖ్యమంత్రి యువనేస్తము నెలకు 1,000 రూపాయల నిరుద్యోగభృతిని ప్రవేశపెట్టినది; అదియు 22 మొదలు 35 ఏండ్లలోపు చదువరులకే. కేంద్రము 2024లో తెచ్చిన ఇంటర్న్‌షిప్ పథకము ఆరంభమున నెలకు 5,000 రూపాయలిచ్చెను. అదియు నాడు 21 మొదలు 24 ఏండ్లవారికే.

ఒకటి మాత్రము నా మనసునకు మిక్కిలి సంతోషము కలిగించినది. 2019 చివర కేంద్రగ్రామీణాభివృద్ధి శాఖ ఉన్నతి యను పథకమును ప్రకటించెను. ఉపాధిహామీ పనిలో నూరురోజులు నిండించిన కుటుంబములనుండి 18 మొదలు 45 ఏండ్లలోపు ఒక్కరికి శిక్షణ నిచ్చి, శిక్షణకాలమున గరిష్ఠముగ నూరురోజులు, ఉపాధికూలికి సమానమగు స్టైపెండు చెల్లింపవలెనని దాని నాటి నియమము. నేర్చుకొను దినమును పనిదినముగ లెక్కించుట యనగా ఇదియే. పేదవాని కాలమునకు వెల కలదని ప్రభుత్వము ఒప్పుకొనిన చోటిది. దేశమంతటికిని రెండులక్షలమంది యను చిన్న లక్ష్యముతో మొదలైన ఈ యేర్పాటు డెల్టాలోని ప్రతి మండలమునకు రావలసినంతటిది.

ఇంతకును ఈ శిక్షణలవలన ఫలమున్నదా యని అడుగువారికి పరిశోధకులు జంకులేని సమాధానమే చెప్పుచున్నారు. వర్ధమానదేశములలో జరిగిన ప్రయోగములను సమీక్షించుచు 2017లో ఆర్థికవేత్త డేవిడ్ మెకంజీ, వృత్తిశిక్షణ అవకాశమిచ్చిన ప్రతి నూర్గురిలో, ఆ శిక్షణ లేకున్న దొరకని పని దొరకినవారు ముగ్గురికంటె తక్కువయని తేల్చెను. ఇది చదివి నిరాశపడుట సులభము. కాని దేశదేశములలో జరిగిన రెండువందలకు పైబడిన అధ్యయనములను పరిశీలించి కార్డ్, క్లూవ్, వెబర్ అను మువ్వురు ఆర్థికవేత్తలు 2018లో ప్రకటించిన ఫలితములలో మనకు పనికివచ్చు రెండు మాటలు కలవు: శిక్షణ ఫలము మొదటి యేట కంటికానదు, రెండుమూడేండ్లకు బలపడును, స్త్రీలకును, చాలకాలము పనిలేకున్నవారికిని కలుగు మేలు తక్కినవారికి కలుగుదానికంటె మిన్న. ఢిల్లీ మురికివాడలలో స్త్రీలకు ఆరునెలలు కుట్టుపని నేర్పిన కార్యక్రమమును పరిశోధించిన మైత్రా, మణి యనువారు, సంపాదన పెరుగుట నిజమేకాని, కేంద్రము దూరమగుటయు, పిల్లలను చూచుకొనువారు లేకపోవుటయు శిక్షణ నడుమ మానివేయుటకు కారణములగుచున్నవని కనుగొనిరి. రేపల్లె పరిసరములనుండి తెనాలికి రైలులో రావలసిన స్త్రీకి ఈ మాట ఎవరును వివరించనక్కరలేదు. సింగపూరు ప్రభుత్వము 2024లో నలువదియేండ్లు నిండిన ప్రతి పౌరునకు శిక్షణకై నాలుగువేల సింగపూరు డాలర్ల నిధి కేటాయించి, పూర్తికాలము చదువుకొను ఆ వయసువారికి 2025 నుండి నెలకు మూడువేల డాలర్ల వరకు భృతి యిచ్చుట మొదలిడెను. సంపన్నదేశము గనుక ఈయగలదని త్రోసివేయరాదు. నలువదియేండ్ల మనిషి నేర్చుకొనగలడన్న నమ్మకము చూపుటకు సంపదతో పనిలేదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల యను మన మూడు పట్టణములకు ఏ పని తగును? దర్జీపని, బ్యూటీషియన్ పని, డేటా ఎంట్రీ: కేంద్రములలో ఎక్కువగా కనబడునవి ఇవియే, ఏలయనగా ఒక గది, కొన్ని మిషనులు చాలును. బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయకళాశాల కలదు. దానిచెంత వ్యవసాయ ఇంజనీరింగు, ఆహారవిజ్ఞాన కళాశాలలును కలవు. నిమ్మ, పసుపు, మినుము, రొయ్య: నాలుగును ఇచ్చట పండునవే. నిమ్మకాయ ధర పడిపోయిన దినములలో దానిని రసముగను పచ్చడిగను మార్చుటకు, మినుమును పప్పుగ విఱచి సంచికట్టుటకు, నిజాంపట్టణపు చేపను శుభ్రపరచి చలువపెట్టెలో నిలుపుటకు శిక్షణ నీయదగినవారు ఈ డెల్టాలోనే యున్నారు. వరికోత మిషను వచ్చి కూలి తీసినదన్నాము. ఆ మిషను నడుపువాడును, దానిని బాగుచేయువాడును కావలెను గదా. ఆ పని యేల ఈ గ్రామముల మనుష్యులకే నేర్పరాదు? స్త్రీలకు యంత్రము పట్టదన్న మాట నాకు సమ్మతము కాదు. వంగి ఎకరములు కోసిన చేతికి స్టీరింగు బరువు కాదు.

అయితే ప్రతి నిరుద్యోగమునకు శిక్షణయే ఔషధమనుటయు పొరపాటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమయు, ఈ తీరమును అల్లకల్లోలమై పడవలు, వలలు కొట్టుకొనిపోయినప్పుడు, మత్స్యకారునికి లోపించినది వేట నేర్పు గాదు, పడవ. పని తెలిసినవానికి పనిముట్టు కావలెను. పని తెలియనివానికి పాఠము కావలెను. పని తెలిసియు దానికి కాలము చెల్లినవానికి రెండును కావలెను, నడుమ కొన్నినెలల తిండియు కావలెను. ఈ మువ్వురిని విడదీయకుండ ఒక్క తరగతిగదిలో కూర్చుండబెట్టుటవలననే మన ధనములో చాలభాగము సర్టిఫికెట్లుగ మారి పెట్టెలలో పడియున్నది. 2024లో రాష్ట్రప్రభుత్వము తలపెట్టిన నైపుణ్యగణన ఈ విభజనకు మంచి తరుణము. ఎవరికి ఏమి వచ్చునని అడుగుటతో ఆపక, ఏ పని పోయినది, ఎప్పుడు పోయినది, నేర్చుకొనుటకు కూలి మానగలరా యని అడిగిన, ఆ గణన నిజముగ ఉపయోగపడును.

నలువదియైదేండ్లవారికి నేర్పి యేమి లాభము, వారింకెన్నాళ్లు పనిచేయుదురని వాదించు అధికారులున్నారు. అరువదియేండ్ల వరకు పొలములో పనిచేసిన జనమిది. పదునైదేండ్ల సంపాదన చిన్నది కాదు, అది యింటి ఆడపిల్ల చదువునకు, ముసలివారి మందునకు మొదటి ఆధారము. పైగా పొదుపు సంఘములద్వారా బ్యాంకు లెక్కలు చూచుకొనుచు, అప్పు తెచ్చి తీర్చుచు ఏండ్లుగ నడచిన యీ స్త్రీలు నమ్మకమునకు తక్కువవారు కారు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల క్రొత్త జిల్లాయైనది. రేపల్లె దానిలో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. క్రొత్త జిల్లాకు క్రొత్త అలవాట్లు నేర్చుకొను వీలుండును. ఆ జిల్లా యంత్రాంగమునకు నా విన్నపములు మూడే: శిక్షణ తరగతులలో కొంతభాగము నలువదియేండ్లు దాటి పని పోయినవారికి ప్రత్యేకింపుడు, తరగతికి వచ్చిన ప్రతిదినమునకు ఉపాధికూలితో సమానముగ చెల్లింపుడు, శిక్షణకేంద్రములకు చివరి వాయిదా సొమ్మును, శిక్షితుడు పండ్రెండునెలలు పనిలో నిలిచినట్లు తేలిన పిమ్మటనే యిచ్చి, అట్లు నిలిచినవారి సంఖ్యను ప్రతియేట కేంద్రము గోడమీద తెలుగులో వ్రాయింపుడు.